సరిగ్గా అతికింది, అదే తప్పు

నా పాత అంబాసిడర్ కారుకు మొదటిసారి చేసిన క్రాస్ మెంబర్, అంటే కింద అడ్డంగా వెళ్లే ఇనుప దూలం, సుత్తి దెబ్బ ఒక్కటి కూడా పడకుండా తన చోట్లో కూర్చుంది. కారు కింద వెల్లకిలా పడుకుని ఇద్దరం రెండు వైపుల నుంచి పైకి నెడితే రంధ్రాలన్నీ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి, పానా కూడా పట్టకుండా ఉస్తాద్ బోల్టును వేలితోనే తిప్పుకుంటూ చివరిదాకా పంపాడు. "గింత మంచిగ కూసుంటదని నేను గూడ అనుకోలే సార్" అన్నాడు. ముప్పై ఏళ్లుగా వెల్డింగ్ చేస్తున్న మనిషి అలా అంటే నాకు ఎంత గర్వంగా ఉంటుంది చెప్పండి. ఆ రోజు చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా నా ఖర్చే. మూడు వారాల తర్వాత అదే ముక్కను విప్పి షెడ్డులో మూలన పడేశాం.

కారు గురించి చెప్పి మళ్లీ ఇక్కడికే వస్తా.

మాది హన్మకొండ. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను, అంటే ఈ పనికీ నా ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు (ఉండాల్సింది, అది తర్వాత). మా బాపు చాలా ఏళ్లు అద్దెకు అంబాసిడర్ నడిపాడు, పెళ్లిళ్లకు, మేడారం జాతరకు, పేషెంట్లను పట్టుకుని హైదరాబాద్‌కు. ఆ కారు ఎప్పుడో అమ్ముడుపోయింది. పరకాల దగ్గర ఒక ఊళ్లో చింతచెట్టు కింద అదే మోడల్, మార్క్ 4, నాలుగు టైర్లూ నేలకు అంటుకుపోయి, పైన కోళ్లు కూర్చుని కనిపిస్తే బేరమాడి లారీ ఎక్కించుకుని తెచ్చుకున్నా. మా ఇంట్లో ఆవిడ ఇప్పటికీ దాన్ని కారు అనదు, "ఆ చింతచెట్టుది" అంటుంది.

ఇంజిన్ గురించి నాకు పెద్ద బాధ లేదు. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, దాని సామాను ఇంకా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, దొరక్కపోతే లేత్ మీద చేయించుకోవచ్చు. అసలు జబ్బు కింద ఉంది. అంబాసిడర్‌కు లారీకి, జీపుకు ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. పల్చటి రేకును పెట్టెల్లా మడిచి, అంచులు అతికించి, ఆ పెట్టెల మీదే బరువంతా వేశారు. కొత్తలో అది గట్టిగానే ఉంటుంది, కానీ ఆ పెట్టెల్లోకి ఎర్రమట్టి చేరి, వానకు నానుతూ ఎండకు ఎండుతూ ముప్పై నలభై ఏళ్లు గడిస్తే బయట పెయింటు అలాగే ఉండి లోపల రేకు అప్పడంలా తయారవుతుంది. నా కారులో వెనక కమాన్ పట్టీల (లీఫ్ స్ప్రింగుల) ముందు కన్ను, అంటే పట్టీ కొసన బోల్టు దూరే చుట్ట, బిగించే చోటు, అంటే వెనక సీటు కింద ఒక వైపు నుంచి ఇంకో వైపుకు అడ్డదూలంలా వెళ్లే భాగం, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగింది. దాని మీద పాత ఓనర్లలో ఎవరో ఎడమ వైపు ఒక ఇనుప యాంగిల్ ముక్క అతికించి, నల్ల రంగు పూసి చేతులు దులుపుకున్నారు. ఆ యాంగిలే నా కథలో అసలు దొంగ అని నాకు అప్పుడు తెలియదు.

ఆ చోటు అంత ముఖ్యం ఎందుకంటే, కమాన్ పట్టీకి వెనక కొస షాకిల్‌కు వేలాడుతుంది, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ముందు కన్ను మాత్రం ఊగదు. వెనక ఇరుసు ఎక్కడ ఉండాలో, ఎటు చూడాలో నిర్ణయించేవి ఆ రెండు ముందు కన్నులే. బ్రేకు వేసినా, ఎక్సలేటర్ తొక్కినా ఆ తోపు అంతా అక్కడికే వస్తుంది.

కొత్తది కొందామంటే పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇంజిన్ సామాను అమ్మేవాళ్లు ఉన్నారు గానీ బాడీ కింది ముక్కలు అమ్మేవాళ్లు నాకు దొరకలేదు. స్క్రాప్‌లో ఉన్న కార్లు చూశా, నాలుగు చూస్తే నాలుగూ సరిగ్గా అదే చోట తినేసి ఉన్నాయి. ఇక చేసుకోవడమే.

ఈ లోపు సలహాలు. "కమాన్లు పీకేసి కాయిల్ స్ప్రింగులు వేసేయ్, కొత్త కారులా పోతది" అని ఇద్దరు, ఎస్‌యూవీ ఇరుసు మొత్తం దించేయమని ఒకడు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. దానికి తోడు పదిహేనేళ్లు దాటిన కారు కాబట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు తీసుకెళ్లి చూపించాలి. చట్టం పక్కన పెట్టినా నాకు కావాల్సింది బాపు నడిపిన కారు నడక. ఇరుసు అదే, కమాన్లు అవే, అవి పట్టుకునే చోటు మాత్రం కొత్తది, అంతే అనుకున్నా.

ఏ ఆకారంలో చేయాలన్నది మొదటి గొడవ. ఉస్తాద్ సీ ఛానల్ (ఒక పక్క తెరిచి ఉండేది) అన్నాడు, నేను నాలుగు పక్కలా మూసిన పెట్టె గొట్టం అన్నా. ఆయనకు చూపించడానికి దుకాణంలో ఉన్న అగరుబత్తి డబ్బా తీసుకున్నా, నాలుగు పలకలుగా పొడవుగా ఉంటుందే, అది. రెండు కొసలు పట్టుకుని మెలిపెట్టమంటే గట్టిగా ఉంది. బ్లేడుతో ఒక అంచు పొడవునా కోసి మళ్లీ ఇచ్చా, ఇప్పుడు తడిబట్ట పిండినట్టు తిరిగిపోయింది. అట్ట అదే, మందం అదే, ఒక్క గీత తేడా. మూసిన గొట్టాన్ని కోసి తెరిస్తే మెలికకు ఆగే గట్టితనం వంద రెట్లకు పైగా పడిపోతుంది, నేను తెచ్చిన 60 × 40 గొట్టానికి లెక్క వేస్తే 160 రెట్లు దాటింది. ఒక చక్రం గుంటలో, ఒక చక్రం గట్టు మీద ఉన్నప్పుడు ఈ దూలానికి వచ్చేది మెలికే. ఉస్తాద్ ఆ కోసిన డబ్బాను ఇంకో రెండు సార్లు తిప్పి చూసి, "అగరుబత్తీలు యాడ పెట్టినవ్ సార్" అని మాత్రం అడిగాడు. ఒప్పుకున్నట్టే.

3 మిల్లీమీటర్ల మందం ఉన్న నల్ల గొట్టం, మీటరుకు నాలుగున్నర కిలోల లోపే. 60 వైపు నిలువుగా పెట్టాం, పడుకోబెడితే వంపుకు ఆగే గట్టితనం దాదాపు సగమవుతుంది. జింకు పూత ఉన్న గొట్టం తుప్పు పట్టదు కదా అని అమ్మేవాడు అంటగట్టబోయాడు, కానీ వెల్డింగ్ వేడికి జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, పాలు తాగితే పోతుందనేది వట్టిమాట, అందుకని వద్దన్నా.

గొట్టం తిన్నగా వెళ్తే సరిపోయేది. మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంది, ఇంజిన్ తిప్పుడును వెనక ఇరుసుకు తీసుకెళ్లే కడ్డీ. ఇరుసు పైకి లేచినప్పుడల్లా షాఫ్టు కూడా లేస్తుంది, కాబట్టి దూలానికి మధ్యలో గుమ్మం కమానులాగా వంపు ఇవ్వాలి. ఎంత వంపు? ఇక్కడ చాలామంది కారు నేల మీద ఉన్నప్పుడు కొలిచేస్తారు. మేం కమాన్ కట్టలో పెద్ద పట్టీ ఒక్కటే ఉంచి మిగతా పట్టీలన్నీ తీసేసి, అలా చేయకపోతే జాకీ పెట్టగానే ఇరుసు బదులు కారే లేస్తుంది కాబట్టి, ఇరుసును రబ్బరు స్టాపు తగిలేదాకా పైకి లేపాం. ఇరుసు 80 మిల్లీమీటర్లు లేస్తే దూలం ఉండే చోట షాఫ్టు 50 దాకా లేచింది. దాని పైన ఇంకో 20 ఖాళీ వదిలాం. వంపు ఇచ్చిన చోట బలం తగ్గుతుంది కాబట్టి అక్కడ గొట్టం కాకుండా 4 మిల్లీమీటర్ల ప్లేటుతో పెట్టె కట్టి, రెండు పక్కల గొట్టాలను దాని లోపలికి కొంత దూర్చి అతికించాం. హ్యాండ్ బ్రేకు కేబుల్‌కు, బ్రేకు పైపుకు దారులు మామూలే, వాటితో సమస్య రాలేదు.

ఇదంతా నాలుగు రోజుల్లో అయిపోయింది. కొలతలు ఎలా తీసుకున్నామంటే, కుళ్లిన పాత దూలం కోసేయక ముందే దాని బోల్టు రంధ్రాలు, బ్రాకెట్లు ఉన్న చోట్లు అట్ట మీద అచ్చు దించుకున్నాం. ఆ అట్ట ప్రకారం గొట్టం కోశాం, ఆ అట్ట ప్రకారం రంధ్రాలు వేశాం. అందుకే అంత చక్కగా అతికింది.

నడిపితే కారు మెత్తగా పోయింది, కింద నుంచి వచ్చే కటకట శబ్దం పోయింది. రెండో వారంలో నా క్లాసు కుర్రాడొకడు కాజీపేట నుంచి బైకు మీద నా వెనకే వచ్చి, కాలేజీ గేటు దగ్గర ఆగి, "సార్, మీ కారు కొంచెం పక్కకు నడుస్తుంది" అన్నాడు. నవ్వి ఊరుకున్నా. తర్వాత ఒక రోజు వాన పడి వెలిసింది, మా గల్లీలో సిమెంటు రోడ్డు ఎండిపోయి ఒక్కచోట మాత్రం నీళ్లు నిలిచి ఉన్నాయి. దాని మీదుగా తిన్నగా నడిపి దిగి వెనక్కి చూస్తే ఎడమ వైపు ముందు చక్రం తడి గీత పక్కనే, దాని బయటికి, వెనక చక్రం గీత ఇంకొకటి కనిపించింది. కుడి వైపు చూస్తే వెనకది లోపలికి ఉంది. పీత నడక.

ముందు అలైన్‌మెంట్ షాపు మీద కోపం వచ్చింది. కారు తెచ్చిన కొత్తలో అక్కడికి తీసుకెళితే వాళ్లు ముందు చక్రాలు చూసి, స్టీరింగ్ తిన్నగా వచ్చేలా సర్ది పంపారు, వెనక చక్రాలు ఎటు చూస్తున్నాయో చూడనే లేదు. కానీ వాళ్లను అని లాభం లేదు. వాళ్లు చేసిన తప్పే నేను ఇంకా పెద్దగా, ఇనుముతో చేశా.

తప్పు పట్టుకున్నది మా పక్కింట్లో ఉండే మేస్త్రీ కాక. నేను ఆదివారం పొద్దున కారు కింద టేపు పట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకు పాకుతుంటే ఆయన గోడ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏం చేస్తున్నావంటే చెప్పా, రెండు కన్నుల కొలతలూ బాడీ కింద పొడవునా వెళ్లే రేకు పట్టాల నుంచి చూస్తే సమానంగానే ఉన్నాయి, మరి వంకర ఎక్కడుందో అర్థం కావడం లేదని. "పట్టాలు తిన్నగ ఉన్నయని నీకెవలు చెప్పిండ్రు సారూ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "వంకర గోడకు ఆనిచ్చి కొత్త గోడ లేపితే అది గూడ వంకరే లేస్తది. కారు మీద కారును కొలువకు. అంతా భూమి మీదికి దించు."

అంతే. పాత ఓనరు ఎడమ వైపు యాంగిల్ అతికించినప్పుడే ఆ కన్ను వెనక్కి జరిగింది, దానికి తగ్గట్టు రంధ్రాలు కొత్తగా వేసుకున్నారు, ఆ రంధ్రాలనే నేను భక్తిగా అట్ట మీద అచ్చు దించుకున్నా. వంకరను పట్టుకుని కొత్త ఇనుముతో ఖాయం చేశానన్నమాట.

మేస్త్రీ కాక తన సామాను తెచ్చాడు: తూకం గుండు, దారం, మూలమట్టం, నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ పైపు. నాలుగు స్టాండుల మీద కారును లేపి, ఆ నీటి పైపుతోనే నాలుగు మూలలూ మట్టం చేశాం. నేల మట్టంగా ఉందని నేను ఎప్పుడూ అనుకునేవాణ్ణి, ఆ చివరికి ఈ చివరికి 18 మిల్లీమీటర్లు వాలు తేలింది. తర్వాత ముందు భాగంలో, దెబ్బ తగలని, ఎవరూ వెల్డింగ్ పెట్టని చోట్లు వెతికాం. ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్ల వెనక కొసలు పట్టుకునే చోట్లు రెండూ కంపెనీ వెల్డింగ్‌తోనే ఉన్నాయి, కొలతలకు ఆధారంగా అవి తీసుకున్నాం. అక్కడి నుంచి తూకం గుండు దించి, కింద సిమెంటు మీద పిన్నీసు మొనంత గుర్తు. వెనక రెండు కన్నుల నుంచీ అలాగే. గుండు ఊగుతుంటే ఆగేదాకా కూర్చోవాలి, ఫ్యాను ఆపేయాలి, పక్కన ఎవరూ నడవకూడదు. ఒక్క గుర్తుకు పది నిమిషాలు పట్టింది. మే నెల కాబట్టి పొద్దున్నే ఎండ రాకముందే చేశాం. ఒక వైపు ఎండ పడి ఇంకో వైపు నీడ ఉంటే మీటరు ఇనుము ముప్పై డిగ్రీల తేడాకు మూడో వంతు మిల్లీమీటరు పెరుగుతుంది, అది పెద్దదేం కాదు గానీ తప్పులన్నీ ఒకే వైపు కూడితే పెద్దవే అవుతాయి. టేపు కొసన ఉండే కొక్కెం ఆడుతుంది, అందుకని కొక్కెం వాడకుండా 100 దగ్గర నుంచి కొలిచి చివర్లో 100 తీసేశాం. ఒకే టేపు, నా దగ్గర ఉన్న రెండు టేపుల మధ్యే రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది.

కారును పక్కకు నెట్టాల్సిన పని కూడా లేదు, గుర్తులన్నీ నేల మీద ఉన్నాయి. ముందు రెండు గుర్తుల నడిమధ్య నుంచి వెనక్కి ఒక గీత గీయాలి, అది ఆ రెండు గుర్తులను కలిపే గీతకు లంబంగా ఉండాలి. మూలమట్టం చిన్నది, అంత పొడవుకు నమ్మలేం. కాక దారం తీసి మూడు అడుగులు ఇటు, నాలుగు అడుగులు అటు, మధ్యలో ఐదు వచ్చేలా లాగి సుద్ద గీత కొట్టాడు. తొమ్మిదో తరగతిలో చదువు మానేసిన మనిషి. నేను ఇరవై ఏళ్లుగా అదే సూత్రాన్ని బోర్డు మీద మూడు రకాలుగా రుజువు చేసి చూపిస్తున్నా, నా కారు దగ్గరికొచ్చేసరికి ఒక్క కర్ణం కొలవాలని తోచలేదు. కొలిస్తే రెండు కర్ణాలకూ ఏడున్నర మిల్లీమీటర్ల తేడా. ఎడమ కన్ను కుడిదానికంటే 9 మిల్లీమీటర్లు వెనక ఉంది.

తొమ్మిది మిల్లీమీటర్లు అంటే ఏముందిలే అనిపిస్తుంది. రెండు కన్నుల మధ్య దూరం మీటరు, అంటే అర డిగ్రీ. అదే అర డిగ్రీ చక్రాల దగ్గరికి వెళ్లేసరికి ఎడమ వైపు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కుడి వైపు కంటే 12 ఎక్కువ. ఈ కారు వీల్‌బేస్ 97 అంగుళాలు, అంటే 2464 మిల్లీమీటర్లు, ఆ పొడవంతా అర డిగ్రీ వాలితే వెనక భాగం ముందు భాగానికి 22 మిల్లీమీటర్లు పక్కగా పోతుంది. తడి గీతల మధ్య నేను చూసింది ఆ 22నే.

రెండోసారి చేసేటప్పుడు అట్ట అచ్చు చించేశా. పాత ఛానల్ ముక్క ఒకటి, తిన్నగా ఉందో లేదో దారం లాగి చూసి, జిగ్గుగా, అంటే ముక్కలను కదలకుండా పట్టి ఉంచే అచ్చుగా, పెట్టుకున్నాం. దాని మీద రెండు కన్నులు ఉండాల్సిన చోట రెండు బోల్టులు నిలబెట్టి గట్టిగా వెల్డ్ చేశాం, నేల మీద సుద్ద గీతల్లో కన్నులు ఎక్కడ ఉండాలో అక్కడ, కారు ఎక్కడ చూపిస్తే అక్కడ కాదు. బ్రాకెట్లు ఆ బోల్టులకు బిగించి, గొట్టాన్ని వాటి మధ్యలోకి తెచ్చి, పట్టాలకు బిగించే కొస ప్లేట్లను చివర్లో అతికించాం. ఇప్పుడు తయారైన ముక్కను బల్ల మీద పెట్టి చూస్తే ఎడమ బ్రాకెట్ తొమ్మిది మిల్లీమీటర్లు ముందుకు తోసుకొచ్చి వంకరగా కనిపిస్తుంది. చూడ్డానికొచ్చిన ప్రతివాడూ "ఇది తప్పు కొట్టిండ్రు" అన్నాడు. మొదటిది మాత్రం బల్ల మీద ఎంత అందంగా ఉండేదో.

వెల్డింగ్ సీఓటూ మెషిన్‌తో, 0.8 వైరు. ఉస్తాద్‌కు మామూలు రాడ్డు మీదే చెయ్యి, కానీ పట్టాల రేకు పల్చన, రాడ్డు పెడితే బొక్క పడుతుంది. సాయంత్రం వోల్టేజీ పడిపోతే పైకి కుట్టు నున్నగా కనిపిస్తూ లోపల అతకదు, అందుకని ప్రతి పూటా ముందు రెండు పనికిరాని ముక్కలు అతికించి, వైస్‌లో పట్టి సుత్తితో వంచి, కుట్టు దగ్గర విరగకుండా ఇనుమే వంగితేనే అసలు పని మొదలు. వేడి తగిలిన వైపు ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. మొదటి ముక్కలో ఒక వైపు కుట్టు ఏకబిగిన వేస్తే మీటరు గొట్టం మూడు మిల్లీమీటర్లు విల్లులా లేచింది, సుత్తితో సరి చేశాం, అది కూడా ఒక పాపమే. ఈసారి మూలమూలకూ టాకాలు (చుక్కల్లాంటి చిన్న వెల్డులు), తర్వాత ఇటు రెండంగుళాలు, దానికి ఎదురుగా అటు రెండంగుళాలు, మధ్యలో చాయ్. నీళ్లు పోసి చల్లార్చడం లేదు. రాత్రంతా జిగ్గుకే బిగించి వదిలేసి పొద్దున విప్పితే అర మిల్లీమీటరు కూడా కదల్లేదు.

పట్టాల వైపు పని ఇంకొంచెం ఓపిక. పల్చటి రేకుకు మందపాటి గొట్టాన్ని నేరుగా అతికిస్తే కుట్టు బాగానే ఉంటుంది, ఆ కుట్టు అంచు పక్కన రేకు చీలుతుంది. అందుకని కుళ్లిన రేకు కోసేసి, మంచి రేకు దొరికేదాకా వెనక్కి వెళ్లి, అక్కడ కొత్త రేకు వేసి, దాని మీద మూలలు గుండ్రంగా తీసిన వెడల్పు ప్లేటు పెట్టి, అంచులతో పాటు మధ్యలో రంధ్రాలు వేసి వాటిలోనూ వెల్డ్ నింపాం. దూలాన్ని మాత్రం ఆ ప్లేట్లకు బోల్టులతోనే, రేపు ఎవరైనా విప్పుకోవడానికి. పెట్టె గొట్టంలోంచి బోల్టు పోయే ప్రతి చోటా లోపల ఒక పైపు ముక్క నిలబెట్టి అతికించాలి, లేకపోతే బిగించేకొద్దీ గొట్టం గోడలు లోపలికి నొక్కుకుంటాయి, ఎంత బిగించినా నెలకోసారి వదులవుతుంది. బోల్టులు 8.8 గ్రేడ్ 12 మిల్లీమీటర్లవి. రంధ్రాలు అన్నిటికంటే చివర్లో వేశాం, ఇరుసు నేల మీద గీతకు సరిపోయిందని గుండు దించి చూసుకున్నాకే.

కారుకు వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ వైరు తీసేశాం, పెట్రోలు ట్యాంకు దించి బయట దూరంగా పెట్టాం, వెనక సీటు తీసి నేల మీద తడి గోనె సంచులు పరిచాం. అయినా ఒక చోట పాత తారు పూత అంటుకుని పొగ లేచింది, మా ఆవిడ పై నుంచి బకెట్ నీళ్లతో దిగింది. ఆ విషయం ఇంతటితో వదిలేద్దాం.

కుట్లలో పగుళ్లు చూడ్డానికి ఉస్తాద్ పాత పద్ధతి చేశాడు. ఒక వైపు సుద్ద నీళ్లు పూసి ఆరనిచ్చి, రెండో వైపు కిరోసిన్ రాస్తాడు, కాసేపటికి ఎక్కడైనా సన్నటి చీలిక ఉంటే తెల్ల సుద్ద మీద తడి గీత తేలుతుంది. మధ్య కమాను పెట్టె దగ్గర ఒక కుట్టు ఆపిన చోట గోరంత గీత వచ్చింది. గ్రైండర్‌తో తవ్వి మళ్లీ వేశాడు, ముఖం కొంచెం మాడ్చుకున్నాడు కూడా. పెయింటు రెడ్ ఆక్సైడ్, దాని మీద నలుపు. గొట్టం లోపలికి వేడి చేసిన మైనం, గ్రీజు కలిపి పోసి అటూ ఇటూ తిప్పాం, అడుగున అన్నిటికంటే పల్లంగా ఉన్న రెండు చోట్ల నీళ్లు కారే రంధ్రాలు వదిలాం. పాతది కుళ్లిందే లోపలికి చేరిన నీళ్లకు బయటికి దారి లేక.

ఇంకొక్కటి, ఇది చాలా షాపుల్లో చేయరు. కమాన్ కన్నులో రబ్బరు బుష్ ఉంటుంది. కారు గాల్లో ఉండగా ఆ బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు దించగానే పట్టీ వంపు మారి బుష్ మెలిపడుతుంది, ఆ మెలికతోనే ఎప్పుడూ ఉంటుంది, ఏడాదిలో చిరుగుతుంది. బోల్టు వదులుగా ఉంచి, కారు చక్రాల మీదికి దించి, రెండుసార్లు పైనుంచి నొక్కి వదిలి, అప్పుడు కిందికి దూరి బిగించాలి. కారు దించాక కిందికి దూరడం కష్టం, అందుకే చేయరు.

మొన్న ఆదివారం ములుగు దాకా వెళ్లొచ్చా, జాతీయ రహదారి 163 మీద, వెనక సీట్లో ఉస్తాద్, మేస్త్రీ కాక ఇద్దరూ. ఆత్మకూరు దాటాక రోడ్డు తిన్నగా దొరికింది, స్టీరింగ్ మీద వేళ్లు ఆనించి వదిలితే కారు ఎటూ లాగకుండా పోయింది. తిరిగి వచ్చాక మా గల్లీలో బకెట్ నీళ్లు పోయించి దాని మీదుగా నడిపా. మేస్త్రీ కాక వంగి కూర్చుని గీతల మీద జాన పెట్టి చూశాడు, ఎడమకూ కుడికీ ఒకటే.

ఇక మిగిలింది స్టీరింగ్. కారు తిన్నగా పోతుంటే స్టీరింగ్ చక్రం మాత్రం ఒక పక్కకు వాలి ఉంటుంది, ఎందుకంటే అలైన్‌మెంట్ షాపు వాళ్లు దాన్ని పీత నడకకు సరిపోయేలా సర్దారు, నడక మారింది గానీ వాళ్లు సర్దింది అలాగే ఉంది. స్టీరింగ్ నుంచి ముందు చక్రాలకు వెళ్లే టై రాడ్లు ఒక వైపు వదిలి ఇంకో వైపు అంతే బిగిస్తే సరిపోతుంది. లాక్ నట్లు రెండూ తుప్పు పట్టి కదలడం లేదు, రాత్రి డీజిల్‌లో తడిపిన గుడ్డలు చుట్టి వచ్చా.